అక్టోబరు 12

కదిరి నుండి మదనపల్లెకు పోయే దారిలో తనకల్లు అనే ఊరు ఉన్నది. ఎర్రని గరుసు నేల, అక్కడక్కడ బండరాళ్ళ గుట్టలు, వానను నమ్ముకొన్న మెట్ట చేలు - అనంతపురం పీఠభూమి లక్షణాలన్నీ అక్కడ కనిపిస్తాయి. అక్టోబరు రెండవ వారం ఆ చేలలో వేరుసెనగ కాయ ఊరే అదను. అప్పుడొక మంచి పదునువాన పడితే గింజ నిండుతుంది. పడకపోతే డొల్లకాయ మిగులుతుంది.

ఈ సీమ చరిత్రలో అక్టోబరు 12వ తేదీకి ఒక స్థానం ఉన్నది. 1800వ సంవత్సరంలో ఆ రోజున కుదిరిన సంధి వల్ల ఈ ప్రాంతం చేతులు మారినది. అంతకు సరిగా 308 ఏండ్ల ముందు, 1492లో, అదే తేదీన కొలంబస్ అట్లాంటిక్ మహాసముద్రం దాటి ఆవలి గట్టున కాలు మోపినాడు. ఇండియాను వెదకుతూ బయలుదేరినవాడు నేల చూచిన తేదీ, ఇండియాలో ఒక పెద్ద భూభాగం తూర్పు ఇండియా కంపెనీ వశమైన తేదీ ఒకటే కావడం చూచి ఎవరైనా "ఎంత వింత!" అనుకొంటారు. ఆ వింతలో నిజమెంతో కాస్త లెక్క వేసి చూడవచ్చు.

మొదట ఇంటి సంగతి. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల ఫలితంగా 1792లోను, మరల 1799లోను మైసూరు రాజ్యంలోని కొన్ని భాగాలు నైజాముకు లభించినవి. ఆయన రాజ్యంలో కంపెనీ సైన్యం కాపురముండేది. ఆ సైన్యానికి ఏటేటా పెద్ద మొత్తం చెల్లించవలసి వచ్చేది. ఆ చెల్లింపుకు బదులుగా, మైసూరు నుండి వచ్చిన ఆ భాగాలను నిజాం అలీఖాన్ 1800 అక్టోబరు 12 నాటి సంధిలో కంపెనీకి వదలుకొన్నాడు. అప్పుడు గవర్నరు జనరల్ వెల్లస్లీ. హైదరాబాదులో రెసిడెంటు కర్క్‌పాట్రిక్. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు ఆ విధంగా 'దత్త మండలాలు' అయినవి. ఆ పేరు ఇక్కడివారికి ఏనాడూ రుచించలేదు. వస్తువును దానమిచ్చినట్లు మనుష్యులున్న నేలను ఇచ్చిన సంగతిని అది నిత్యం గుర్తు చేసేది. 1928లో నంద్యాల సభలలో 'రాయలసీమ' అనే పేరు వచ్చిన తరువాతగాని ఆ మచ్చ పోలేదు.

సంధి జరిగినప్పుడు సంతకాలు చేసినవారు తనకల్లు చేలను చూచినవారు కారు. అయినా ఇక్కడి రైతు ఎవరికి శిస్తు కట్టవలెనో, ఏ లెక్కన కట్టవలెనో ఆ కాగితం నిర్ణయించినది. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు; అనంతపురమే ఆయన ముఖ్య మకాము. పొలం పొలానా కొలత వేయించి, రైతుతోనే నేరుగా ఒప్పందం చేసుకొనే రైతువారీ పద్ధతిని ఆయన ఇక్కడ పెంచి పెద్ద చేసినాడు. వెళ్ళిపోయే ముందు, శిస్తు నూటికి 25 వంతులు తగ్గించవలసినదని సిఫారసు చేసినాడు. ఆ మాట అప్పట్లో చెల్లలేదు. మెట్ట రైతుకు శిస్తు నిలకడ, పంట మాత్రం నిలకడ లేనిది. అసలు చిక్కు అక్కడ ఉన్నది.

ఇక కొలంబస్. భూమి గుండ్రంగా ఉన్నదని నిరూపించడానికే ఆయన బయలుదేరినాడని పిల్లలకు చెబుతుంటారు. అది కట్టుకథ, చదువుకొన్నవారందరికీ ఆ సంగతి అంతకు చాలాకాలం ముందే తెలుసు. ఆయన పొరపాటు భూమి చుట్టుకొలతలో. దానిని తక్కువగా కట్టి, పడమటగా పోతే ఆసియా దగ్గరేనని నమ్మినాడు. మధ్యలో తెలియని ఖండం అడ్డు రాకపోతే తిండి, నీరు చాలక ఓడలవాళ్ళంతా నశించేవారే.

ఆ ఖండం నుండి తరువాతి శతాబ్దాలలో ఓడల వెంట బయలుదేరి వచ్చిన వాటిలో మిరప, మొక్కజొన్న, బొప్పాయి మాత్రమే కాక వేరుసెనగ కూడా ఉన్నది. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు సంకరమై పుట్టిన పంట ఇది. పువ్వు మన్నుపైన పూస్తుంది. ఫలదీకరణం జరిగిన తరువాత ఊడ నేలలోకి దిగి, కాయ మన్నులోపల ఊరుతుంది. అందువల్ల వదులుగా ఉండే ఎర్ర గరుసు నేల దీనికి అనుకూలం. సీమవారు శెనక్కాయ అనుకొనే ఈ పంట ఇరవయ్యో శతాబ్దంలో అనంతపురం మెట్టను దాదాపు కమ్మివేసినది. ఆ శతాబ్దం చివరినాటికి దేశంలో అత్యధిక విస్తీర్ణంలో వేరుసెనగ వేసే జిల్లా ఇదే. తనకల్లు రైతు బ్రతుకుకు కొలంబస్ ప్రయాణంతో సంబంధం ఉన్నదంటే, అది తేదీలో లేదు; చేలో ఉన్నది.

తేదీ సంగతి చూస్తే, అది అసలే నిలవదు. కొలంబస్ దినచర్య జూలియన్ పంచాంగం ప్రకారం వ్రాసినది. అందులో సంవత్సరానికి 365¼ దినాలు. వాస్తవమైన ఋతు సంవత్సరం అంతకంటె సుమారు 11 నిమిషాలు తక్కువ. ఏటికి పదకొండు నిమిషాలంటే చిన్నదే; కాని 128 ఏండ్లకు ఒక దినమవుతుంది. 1582 నాటికి వసంత విషువం మార్చి 21 నుండి మార్చి 11కు జారిపోయినది. పదమూడవ గ్రెగరీ పోపు ఆజ్ఞ ప్రకారం ఆ ఏడు అక్టోబరు 4వ తేదీ మరునాడు 15వ తేదీగా లెక్కించినారు. కాబట్టి ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో 1582వ సంవత్సరానికి అక్టోబరు 12 అనే రోజే లేదు! ఇంగ్లండు ఈ సవరణను 1752లో స్వీకరించినది. 1800 నాటి సంధి తేదీ కొత్త లెక్కది. కొలంబస్ తేదీని ఆ లెక్కలోనికి మారిస్తే తొమ్మిది దినాలు కలిసి అక్టోబరు 21 అవుతుంది.

రైతు వాడే కార్తెలతో సరిచూచినా ఇదే తేలుతుంది. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పదునాలుగు దినాలు. గణితం చేస్తే 1800 సంధి చిత్తకార్తెలో పడుతుంది. కొలంబస్ గట్టెక్కినది స్వాతిలో. పల్లెలో వ్యవసాయం తెలిసిన ఏ పెద్దనడిగినా ఈ రెండూ ఒక రోజనడు. 1957లో భారత ప్రభుత్వం ప్రవేశపెట్టిన జాతీయ పంచాంగంలోనైతే నేటి అక్టోబరు 12, ఆశ్వయుజం 20వ తేదీ అవుతుంది. ఒక్క రోజుకు ఇన్ని పేర్లు. పేరు మారితే జంటలూ మారుతాయి.

పైగా ఇటువంటి జంటలు దొరకడం అరుదేమీ కాదు. సంవత్సరంలో రోజులు 365. ఏవైనా 23 సంఘటనలను తీసుకొంటే వాటిలో రెండు ఒకే తేదీన పడే అవకాశం సగానికి మించుతుంది. 57 తీసుకొంటే నూటికి 99 పాళ్ళు. అక్టోబరు 12నే 1964లో ముగ్గురు మనుష్యులతో వొస్ఖోద్ అంతరిక్షనౌక ఎగిరినది. 1967లో రామమనోహర్ లోహియా మరణించినాడు. 2005లో సమాచార హక్కు చట్టం అమలులోనికి వచ్చినది. వీటికి పరస్పరం ఏ సంబంధమూ లేదు.

అయితే ఈ తేదీన పడిన మరొక జంటను ఇంత సులభంగా తోసివేయడానికి వీలులేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఒడిశాలో గోపాలపురం వద్ద తీరం దాటినది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12 పగటివేళ, హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్టణాన్ని తాకినది. రెండూ చిత్తకార్తెలోనివే. తేదీ సరిగ్గా కలియడం యాదృచ్ఛికం. అక్టోబరు నెల కావడం మాత్రం యాదృచ్ఛికం కాదు. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగే ఆ రోజులలో బంగాళాఖాతపు నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. నైరుతి కాలంలో కింది గాలికి, పై గాలికి వేగంలోను దిక్కులోను ఎంతో తేడా ఉండి, మేఘాలు గోపురంలా నిలువుగా పెరగకుండా అడ్డుకొంటుంది. అక్టోబరులో ఆ తేడా సడలుతుంది. వెచ్చని నీటి ఆవిరి పైకి లేచి చల్లబడి వదలిన వేడిమి సుడిని బలపరుస్తుంది. అందువల్లనే ఈ సముద్రంలో తీవ్రమైన తుఫానులు ఋతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలలలోను, తరువాత అక్టోబరు నుండి డిసెంబరు వరకును ఎక్కువ.

ఏ తీరాన దాటుతుందన్నదే తనకల్లుకు ముఖ్యం. పడమటి కనుమల చాటున ఉన్న ఈ సీమకు నైరుతి వాన చాలదు. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. వాయుగుండం ఉత్తరాన దాటితే మబ్బులు అటే పోవడం పరిపాటి. నెల్లూరు, చెన్నై వైపున దాటితే దాని తడి కొండలు దాటి కదిరి దాకా రాగలుగుతుంది. కోస్తాలో ఇండ్ల కప్పులు లేపే సుడిగాలియే, బలం తగ్గి ఇంత దూరం వచ్చేసరికి, వేరుసెనగ ఊడలకు అందే రెండు అంగుళాల వాన అవుతుంది. చిత్తకార్తె రోజులలో ఇక్కడి రైతు తూర్పు దిక్కున మబ్బు కోసం చూస్తుంటాడు.