కృష్ణా మండలమున గంజాయి: మరగుట, మానుట, మరల ముట్టుట

“తులసివనములో గంజాయిమొక్క” అను సామెత తెలుగువారికి నోటికి వచ్చినదే. దానిని తలక్రిందు చేసి “గంజాయివనములో తులసిమొక్క” అనువారును కలరు. ఈ రెండవ పాఠమును విన్నప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండెడిది. గంజాయిని వనముగా పెంచిన చోటు తెలుగునాట ఉండెడిదా, లేక అది సామెత చెప్పినవాని ఊహయేనా? ఈ సందేహమునకు సమాధానము కృష్ణా మండలముననే లభించుచున్నది. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున మద్రాసు రాజధానియందు ప్రభుత్వానుమతితో గంజాయి పండించిన కొలది తావులలో ఒకటి బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు. ఉత్తర ఆర్కాటు కొండప్రాంతము మరియొకటి. నాడు బాపట్ల తాలూకా కృష్ణా మండలములోనిది. 1904లో గుంటూరు మండలము వేరుపడినది. దగ్గుబాడు తరువాతి కాలమున ప్రకాశము జిల్లాకును, 2022 నుండి బాపట్ల జిల్లాకును చెందినది. కనుక కృష్ణా మండలపు గంజాయి చరిత్రను వెదకువాడు నేటి జిల్లా పటమును ప్రక్కకు పెట్టి, నాటి పటమును చేతబట్టవలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఆ సమీపముననే చినగంజాము, పెదగంజాము అను ఊళ్లు ఉన్నవి. పేరులోని సామ్యమును జూచి, ఇవి గంజాయి వలన ఏర్పడిన పేర్లని తొందరపడి చెప్పరాదు. ‘గంజము’ అను పదమునకు కోశాగారమను అర్థము వేరుగ కలదు. చినగంజాము ఉప్పు కొఠార్లకు ప్రసిద్ధి కాని మత్తుమందునకు కాదు. ఇట్లే నిఘంటువులందు గంజాయికి ‘విజయ’ యను పర్యాయపదము కనబడుచున్నది. భావప్రకాశము మాతులాని, మాదిని, జయ అను పేర్లతో బాటు దీనిని చెప్పినది. అంతమాత్రమున విజయవాడ పేరును దీనితో ముడిపెట్టుట పరిహాసమునకు తప్ప పరిశోధనకు పనికిరాదు.

మా విషయము గంజాయి పంట కాదు. దానిని వాడువాడు కొంతకాలము మాని మరల ముట్టుట. వాడుకదారులలో ఒక నమ్మకము చిరకాలముగ నున్నది. దినదినము దమ్ము పీల్చువానికి నాటి మోతాదు నేడు తలకెక్కదు. కొన్నాళ్లు చిలుము ప్రక్కన బెట్టినచో తిరిగి మునుపటి కొలతయే చాలును అనునది ఆ నమ్మకము. ఇది నేటి యువకులు క్రొత్తగ కనిపెట్టినదని తలచువారు గలరు. ఈ అనుభవమునకు మన వైద్యగ్రంథములలో పేరు కలదనియు, మన పల్లెలలో దానికొక ఆచారరూపము కూడ ఏర్పడినదనియు, ఆంగ్లప్రభుత్వము దేశమంతయు గాలించి విచారణ జరిపియు దీనిని మాత్రము అడుగక విడిచినదనియు చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగ ఆ విచారణ సంగతి. 1893 మార్చి 2న ఆంగ్లదేశపు కామన్సు సభలో డబ్ల్యు. ఎస్. కెయిన్ అను సభ్యుడు వంగరాష్ట్రమున గంజాయి వాడుక వలన ప్రజల నీతికిని ఆరోగ్యమునకును కలుగుచున్న హానిని గూర్చి ప్రశ్నించెను. భారత ప్రభుత్వము విచారణను వంగరాష్ట్రమునకే పరిమితము చేయక దేశమంతటికిని వ్యాపింపజేసి, ఆ సంవత్సరము జూలైలో ఒక సంఘమును నియమించెను. దానికి మాక్వర్తు యంగు అధ్యక్షుడు. సభ్యులు ఆరుగురిలో ముగ్గురు భారతీయులు: తాహిర్పూరు రాజా శశిశేఖరేశ్వర రాయ్, కన్వర్ హర్నాంసింగు, లాలా నిహాల్‌చంద్. దక్షిణదేశీయుడొక్కడును వీరిలో లేడు. సంఘము 1193 మంది సాక్షుల వాఙ్మూలములను సేకరించి, 1894 ఆగస్టులో నివేదికను సమర్పించెను. మితమైన వాడుక వలన చెప్పుకొనదగిన కీడు లేదు, మితిమీరినచో హాని కలదు, పూర్తి నిషేధము అవసరము లేదు, పన్నును లైసెన్సులను కట్టుదిట్టము చేయవలెను అనునది దాని తీర్పు. పిచ్చియాసుపత్రులలో ‘గంజాయి వలన వచ్చిన పిచ్చి’ అని వ్రాసియుంచిన లెక్కలను ఒక్కొక్కటిగ పరీక్షించి, వానిలో పెక్కింటికి ఆధారము లేదని తేల్చుట ఈ సంఘము చేసిన మేలిపని.

ప్రభుత్వమునకు ఈ సరకు వలన ఆదాయము కలదన్న మాటను మరువరాదు. పన్ను తీసికొనువాడే న్యాయనిర్ణేత యగుటలో గల చిక్కును ఆనాటి మద్యపాననిరోధవాదులు కనిపెట్టకపోలేదు. అయినను నివేదికను కేవలము ఆదాయకాంక్ష చేత పుట్టినదని త్రోసివేయుట న్యాయము కాదు. ఏడు సంపుటములను ఓపికతో చదివినవానికి, ఆ ప్రశ్నావళి చిత్తశుద్ధితో కూర్చినదని తెలియును. అలవాటు తేలికగా పట్టుబడునా, మానుట కష్టమా, మితవాడుక అతివాడుకగ మారు స్వభావము కలదా అని వారు సాక్షులను అడిగిరి. మానవలసివచ్చినచో వాడుకదారులకు గొప్ప లోటుగ తోచునా అనియు అడిగిరి. ఇన్ని అడిగినవారు ఒక్కటి అడుగలేదు: మానినవాడు మరల మొదలిడినప్పుడు ఏమగును? వారి ఊహలో మనుష్యుడు వాడుచుండువాడో, మానినవాడో కావలెను. నడుమనున్నవానికి చోటు లేదు.

ఆ చోటు మన భాషలో కలదు. ‘మరగు’ అను ధాతువును గమనింపుడు. పిల్లి పాలకు మరగినది, వాడు సారాకు మరగినాడు అందుము. ‘అలవాటు’ ఏ పనికైనను చెల్లును. ‘మరగుట’ అట్లు కాదు. అందు రుచి కలదు, విడువలేనితనము కలదు. దీనికి సంస్కృతవైద్యమున ‘సాత్మ్యము’ అను మాట కొంత దగ్గరగ వచ్చును. పదేపదే సేవించుటచే హితము కాని పదార్థము కూడ దేహమునకు సరిపడినట్లగుట సాత్మ్యములో ఒక భేదము. శార్ఙ్గధరుడు భంగును నల్లమందును ‘వ్యవాయి’ ద్రవ్యములకు ఉదాహరణలుగ చెప్పెను. జీర్ణము కాకమునుపే ఒడలెల్ల వ్యాపించునది వ్యవాయి. ఆహారమున మత్తు ఎక్కు తీరును ఎరిగినవాడే ఈ లక్షణము వ్రాయగలడు.

అయితే మాకు ముఖ్యమైనవి చరకసంహితలోని రెండు తావులు. మొదటిది సూత్రస్థానమున ఏడవ అధ్యాయము. మరగిన అహితమును ఒక్క పెట్టున విడువక, నాలుగవ పాలు చొప్పున తగ్గించుచు, నడుమ ఒకటి, రెండు, మూడు దినముల ఎడము పాటించుచు హితమును అలవరచుకొనవలెనని అచట చెప్పబడినది. దీనికి పాదాంశికక్రమమని పేరు. క్రమముగ విడిచిన దోషము తిరిగి రాదన్నది దాని ఫలము. రెండవది చికిత్సాస్థానమున మదాత్యయప్రకరణము. త్రాగుడు మాని కొంతకాలమున్నవాడు హఠాత్తుగ అతిగ త్రాగినచో ‘ధ్వంసకము’, ‘విక్షయము’ అను రెండు వ్యాధులు కలుగునని చరకుడు వేరుగ చెప్పెను. ఇవి సాధ్యములే కాని కష్టసాధ్యములు. నిత్యము త్రాగువానికి వచ్చు రోగములనుండి, మాని మరల త్రాగినవానికి వచ్చు రోగములను విడదీసి చూపుట సామాన్యమైన పరిశీలన కాదు. మంకమ్మతోట వైద్యుడైనను మాక్వర్తు యంగైనను మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే. చరకవాక్యములు మద్యమును గూర్చినవే కాని గంజాయిని గూర్చినవి కావు. ఈ భేదమును కప్పిపుచ్చుట మా ఉద్దేశము కాదు. ఎడము తరువాతి పునఃసేవనము ప్రత్యేకమైన అవస్థ అను గుర్తింపు మాత్రము ఇచట స్పష్టము.

ఇక ఆచారము. విజయవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ సన్నిధిని ముగియు భవానీదీక్షను డెల్టావాసులందరు ఎరుగుదురు. ఎఱ్ఱబట్టలు కట్టి, మాల ధరించి, మండలదీక్ష యైనచో 41 దినములు, అర్ధమండలమైనచో 21 దినములు నియమముతో నుండి, ఇరుముడి తలనెత్తుకొని వచ్చి, గిరిప్రదక్షిణము చేసి దీక్ష విరమింతురు. నల్లబట్టల అయ్యప్పదీక్షయు ఇట్టిదే. మద్యమాంసములు, పొగాకు, సమస్తమైన మత్తుపదార్థములు ఈ దినములలో నిషిద్ధములు. భక్తి ఇందు ప్రధానమన్నది నిర్వివాదము. కాని చరిత్రకారుడు చూడవలసిన సామాజికఫలము మరియొకటి కలదు. ఏటేట వేలకొలది శ్రామికులు, వాహనచోదకులు, వ్యవసాయకూలీలు తమంతట తాము గడువు పెట్టుకొని మత్తును వదలిపెట్టుచున్నారు. ఇంటివారు, తోడివారు దానిని మన్నించుచున్నారు. “మాలలో ఉన్నాడు” అన్న ఒక్క మాటతో సీసా చేతికిచ్చు స్నేహితుడు కూడ వెనుకకు తగ్గును. ఈ రక్షణ ఏ ఆసుపత్రియు ఈయలేనిది.

పదమును మరల చూడుడు. వైద్యుడు ‘వ్యసన విరమణ’ అనును. మానివేయుట అని భావము. కొండపైని ‘దీక్షా విరమణ’లో విరమింపబడునది వ్యసనము కాదు, దీక్ష. ఒక్క మాటయే రెండు వైపులకు తలుపు తెరచుచున్నది. మాల తీసిన నాడే పాతదారి పట్టువాడు కలడు. 41 దినములు గడపగలిగితిని, ఇక దీనితో పని ఏమి అని నిలిచినవాడును కలడు. ఇద్దరును ఒకే మెట్లు దిగివచ్చుచున్నారు. మొదటివానిని జూచి దీక్షను ఎగతాళి చేయుట పండితులలో ఒక వాడుకయైనది. మేమందులకు సమ్మతింపము. ఏమియు మానలేనివానికంటె కొంతకాలము మానగలిగినవాడు తనను గూర్చి ఒక నిజమును ఎక్కువ తెలిసికొన్నవాడు.

ఈ ఎడము వలన దేహమున జరుగు మార్పును ఇరువదవ శతాబ్ది రెండవ భాగపు శాస్త్రము బయల్పరచినది. 1964లో మెషూలం, గావొని అనువారు గంజాయిలో మత్తుగొలుపు ముఖ్యద్రవ్యమైన టి.హెచ్.సి.ని వేరుచేసి దాని నిర్మాణమును నిర్ణయించిరి. 1988లో మెదడునందు ఆ ద్రవ్యమును అందుకొను గ్రాహకములున్నవని తేలినది. 1992లో దేహమే తయారుచేసికొను అట్టి ద్రవ్యమొకటి దొరకగా, మన ‘ఆనంద’ శబ్దమును తీసికొని దానికి ఆనందమైడు అని పేరిడిరి. నిత్యము వాడువాని మెదడున ఈ గ్రాహకములు తగ్గిపోవును. మోతాదు పెంచినగాని మత్తెక్కకపోవుటకు ఇది ముఖ్యకారణము. 2012లో ప్రకటితమైన ఒక పరిశోధనలో నిత్యసేవకులకు మెదడు పైపొరభాగములందు గ్రాహకములు సుమారు 20 శాతము తక్కువగ నుండెననియు, దాదాపు 4 వారములు పూర్తిగ మానిన తరువాత చాలవరకు యథాస్థితికి వచ్చెననియు కనుగొనిరి. 2016 నాటి మరియొక పరిశోధనలో రెండు దినములకే కోలుకొనుట మొదలైనట్లు కనబడినది. మండలము 41 దినములు, శాస్త్రము చెప్పినది 28 దినములు. ఈ సంఖ్యలను ఎదురెదురుగ నిలిపి పూర్వులకిదంతయు తెలియునని చాటుట మాకు రుచింపదు. మండలమునకు మూలము వేరు. గడువు సరిపోవుట యాదృచ్ఛికమే కావచ్చును.

మానిన దినములు సుఖముగ గడువవు. ఒకటి రెండు దినములలో చిరాకు, నిద్రలేమి, ఆకలి చచ్చుట, కలత కలలు మొదలై, మొదటి వారమున ముదిరి, ఇంచుమించు రెండు వారములకు సద్దుమణగును. ఈ బాధయే పలువురిని నడుమ వెనుకకు లాగును. దాటినవానికి వేరొక గండము కలదు. గ్రాహకములు కోలుకొన్న దేహమునకు పాతకొలత పాతకొలత కాదు. మునుపు సరిపడిన దమ్ము ఇపుడు గుండెదడ, భయము, వాంతి, మతిచాంచల్యము కలిగింపవచ్చును. తిన్న భంగు గంటకు పైగా ఆగి తలకెక్కును గనుక, ఎక్కలేదని మరికొంత తినువాని గతి ఇంకను దుర్భరము. పైగా మాని మరల పట్టుటను మత్తు పెంచుకొను ఉపాయముగ మాత్రమే నేర్చినవాడు, తన వాడుకను అదుపులో నుంచుకొంటినని తలచుచు దానిని ఏండ్లతరబడి పొడిగించుకొనును. ధ్వంసకమను పేరు ఇచట మాకు గుర్తుకు వచ్చుచున్నది.

నేటి చట్టము ఈ నడిమివానిని ఎట్లు చూచుచున్నది? 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పూతకాతలున్న కొనలనే గంజాయిగ నిర్వచించినది. కొనలు లేని ఉత్త ఆకు ఆ నిర్వచనములోనికి రాదు. సేవించుట 27వ సెక్షను క్రింద నేరము. ఆరు మాసముల వరకు ఖైదు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 64-ఎ సెక్షను మాత్రము ఒక తలుపు తెరచియుంచినది. సేవనమునకో, స్వల్పపరిమాణమునకో పట్టుబడిన వ్యసనపరుడు తానై గుర్తింపుగల వైద్యశాలలో చికిత్సకు ఒప్పుకొనినచో, అతనిపై అభియోగము నడువదు. కాని చికిత్సను పూర్తిచేయనిచో ఆ రక్షణ తొలగింపవచ్చును. అనగా చట్టమునకు తెలిసినది సంపూర్ణవిరమణము ఒక్కటే. తప్పి, లేచి, మరల మొదలిడువాని విషయమున అది మౌనము వహించినది, 1893 నాటి ప్రశ్నావళి వలెనే.

2021లో ఆపరేషన్ పరివర్తన పేర విశాఖ మన్యమున గంజాయి తోటలను నరికివేసిరి. 2024లో మత్తుమందుల నిరోధమునకు ‘ఈగల్’ అను ప్రత్యేకదళము రాష్ట్రమున ఏర్పడినది. తోటలు దగ్గుబాడు నుండి మన్యమునకు మారినవి, అనుమతి నేరముగ మారినది. మన్యమున నరికిన మొక్కలకు లెక్క వ్రాయుచున్నారు. మాల తీసిన మరునాడు కొండదిగువ వీధులలో ఎవడు ఎటు నడచెనో వ్రాసియుంచిన లెక్క మాకింతవరకు ఎచటను కనబడలేదు. ఆ దినమున మెట్లదారిని నిలిచి, దిగివచ్చువారిని మర్యాదగ పలుకరించి అడుగు పరిశోధకుడు కావలెను.