ముట్లుడిగాక కీళ్ళ, కండరాల నొప్పులు

ముట్లుడిగే ముందు నుంచే మొదలై, ఆ తర్వాత ఏళ్ళ తరబడి స్త్రీలను వదలని మోకాళ్ళ, భుజాల, వేళ్ళ, నడుం నొప్పులనూ, వాటితోపాటు వచ్చే కండరాల నీరసాన్నీ వైద్యులు ఒకే సమస్యగా చూడడం ఇటీవలే మొదలైంది. అమెరికా ఎముకల వైద్యురాలు వోండా రైట్, ఆమె సహచరులు 2024లో దీనికి ‘మస్క్యులోస్కెలిటల్ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్’ అని పేరు పెట్టారు. ఈ దశలో 70 శాతానికి పైగా స్త్రీలకు ఇలాంటి బాధలు ఉంటాయని, నలుగురిలో ఒకరు రోజువారీ పనులు కూడా చేసుకోలేకపోతారని వారి అంచనా. పేరు కొత్తదే కానీ, సెసిల్, ఆర్చర్ అనే ఇద్దరు వైద్యులు ముట్లుడిగే వయసులో వచ్చే కీళ్ళవాతం గురించి 1925లోనే రాశారు. ఇన్నేళ్ళూ ఆ బాధను ‘వయసు మీద పడింది’ అన్న మాటతో సరిపెట్టడం అన్యాయం.

అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పని గర్భసంచితోనే అయిపోదు. ఎముక గట్టితనాన్ని కాపాడడంలో, కండ తనను తాను బాగుచేసుకోవడంలో, కీళ్ళలో వాపును అదుపులో పెట్టడంలో దానికి పాత్ర ఉంది. ముట్లుడిగే దశలో అది పడిపోయాక తొడ కండ సన్నబడుతుంది, మోకాలి మీద భారం పెరుగుతుంది. కొందరికి భుజం బిగుసుకుపోయి, చెయ్యి వెనక్కి తిప్పి జడ వేసుకోవడం కూడా కష్టమవుతుంది. షుగరు ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువ.

తెలుగు నేలపై ఈ సమస్యకు మరో ముఖం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆపరేషన్‌లో అండాశయాలు రెండూ తీసేస్తే ముట్లుడిగే దశ ఆ రోజే వచ్చిపడుతుంది. వాటిని ఉంచినా కొంత ముందుగా రావచ్చు. ముప్పై అయిదేళ్ళకే ‘ఒంట్లో సత్తువ పోయింది’ అనే స్త్రీని ఆ ఆపరేషన్ గురించి అడగకుండా నొప్పి బిళ్ళలు రాసి పంపితే, అది సగం వైద్యమే.

ఈ నొప్పులకు పొలం పని భారమూ తోడవుతుంది. ఉదాహరణకు, తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల నడుమ ఉన్న బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలాన్ని చూడండి. ఇది కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద వరి పండే నేల. నాట్లు వేసేది, కలుపు తీసేది చాలావరకు ఆడవాళ్ళే. బురదలో గంటల తరబడి నడుం వంచి చేసే నాట్లు, తర్వాత గొంతుక్కూర్చుని చేసే కలుపు పని, ఇంటికొచ్చాక మళ్ళీ నేల మీద కూర్చుని చేసే పనులు అన్నీ నడుముకూ మోకాళ్ళకూ భారమే. ఇంత కష్టం చేసేవారికి ఇంకా వ్యాయామం ఎందుకని ఇంట్లోవాళ్ళు అడగడం సహజం. కానీ కూలిపని అదే కీలును అదే భంగిమలో పదే పదే వాడుతుంది. వ్యాయామమైతే ఆ కీలును మోసే కండను పెంచుతుంది. అందుకే రెండోది మందు అవుతుంది.

ఆ మందు ఇంట్లోనే ఉంది. ఎత్తైన కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, పడుకుని మోకాలు వంచకుండా కాలు ఎత్తి అయిదు లెక్కపెట్టేదాకా ఆపడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని వెనక్కీ ముందుకూ నెట్టడం వంటివి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. మొదటి వారాల్లో కాస్త సలుపు ఉంటుంది, భయపడనక్కర్లేదు. అధిక బరువున్నవారు ఒక్క కిలో తగ్గినా ప్రతి అడుగులో మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి.

ఎండకు కొదవలేని రాష్ట్రంలోనూ డి విటమిన్ లోపం ఉంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో సి.వి. హరినారాయణ్ బృందం ముట్లుడిగిన స్త్రీలను పరీక్షిస్తే ఎక్కువమందిలో ఆ విటమిన్ చాలినంత లేదు. ముట్లుడిగాక రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు మిగతాది పూరిస్తాయి. కండకు మాంసకృత్తులు కావాలి; పప్పు, గుడ్డు ఇంట్లో మగవాళ్ళకూ పిల్లలకూ పెట్టగా మిగిలితే తినేవి కాకూడదు.

నొప్పి బిళ్ళలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పేరు చెప్పకుండా ఇచ్చే ‘వాతం పొడుల్లో’ స్టెరాయిడ్లు కలిసి ఉండే ప్రమాదం ఉంది. అవి వారంలో హాయినిచ్చి ఎముకను తినేస్తాయి. హార్మోన్ చికిత్స వేడి ఆవిర్లకు, ఎముకకు బాగా పనిచేస్తుంది, కీళ్ళ నొప్పిని కొంతే తగ్గిస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు.

ప్రతి నొప్పినీ ముట్లుడగడానికే అంటగట్టకూడదు. పొద్దున్నే వేళ్ళు గంటసేపు బిగుసుకుపోయి వాచితే రుమటాయిడ్ కీళ్ళవాతమేమో చూడాలి. థైరాయిడ్ లోపమూ ఒళ్ళు నొప్పులు తెస్తుంది. 2006లో రాష్ట్రాన్ని కుదిపేసిన చికున్‌గున్యా కొందరికి ఏళ్ళ తరబడి నొప్పులు మిగిల్చింది. గర్భసంచి తీసేయించుకున్నవారు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్ళాలి. అండాశయాలు ఉంచారా, తీసేశారా అన్నది అందులో రాసి ఉండాలి. నలభై అయిదేళ్ళలోపే అవి పోయినవారి చికిత్స వేరుగా ఉంటుంది.