దుబాయ్‌లో అద్దె ఒప్పందం రద్దు: ప్రవాసులకు న్యాయ సహాయం

దుబాయ్ ఎమిరేట్‌లో అద్దెకుండే ప్రవాసులు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వర్తించే చట్టాలు, దావా పద్ధతి, అందుబాటులో ఉన్న న్యాయ సలహా ఈ వ్యాస విషయం. ఉద్యోగం పోవడం, మరో దేశానికి బదిలీ, కుటుంబాన్ని ఇండియాకు పంపేయడం గడువుకు ముందే ఖాళీ చేయడానికి సాధారణ కారణాలు. వీటిలో ఏదీ దానంతటది ఒప్పందాన్ని రద్దు చేయదు. వీసా రద్దయినా అద్దె బాధ్యత మిగిలే ఉంటుంది.

చట్ట నేపథ్యం

యజమానులకూ అద్దెదారులకూ మధ్య తగాదాలు తేల్చడానికి 1993 నాటి డిక్రీతో ఒక ప్రత్యేక న్యాయ సంఘం ఏర్పడింది. ప్రస్తుత సంబంధాలకు పునాది 2007 నాటి 26వ చట్టం. 2008 నాటి 33వ చట్టం దాన్ని సవరించింది. 2013 నాటి 26వ డిక్రీతో పాత సంఘం స్థానంలో అద్దె వివాదాల పరిష్కార కేంద్రం వచ్చింది. ఒప్పందాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలన్న షరతు 2007 చట్టంలోనే ఉంది. దాన్ని అమలుచేసే ఇజారీ వ్యవస్థ 2010లో మొదలైందని ఎక్కువ రచనలు చెబుతాయి.

గడువుకు ముందే ఖాళీ చేయడం

2007 చట్టం 7వ అధికరణం ప్రకారం, చెల్లుబాటులో ఉన్న ఒప్పందాన్ని మధ్యలో ఏ పక్షమూ ఏకపక్షంగా రద్దు చేయడానికి వీల్లేదు. ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, లేదా చట్టంలో అందుకు ఆధారం ఉండాలి. కొన్ని మార్గదర్శకాలు ‘రెండు నెలల అద్దె కడితే చాలు’ అని అదే చట్టమన్నట్టు రాస్తాయి. చట్టంలో అలాంటి నియమం లేదు. అది చాలా ఒప్పందాల్లో చేర్చే షరతు మాత్రమే. కాబట్టి ఒప్పందంలో ఆ వాక్యం ఉందా లేదా అన్నదే కీలకమనే వాదన బలమైనది. షరతు లేనప్పుడు యజమానితో మాట్లాడి పరిహారం తేల్చుకోవాలి, లేదా అద్దె వివాదాల పరిష్కార కేంద్రాన్ని ఆశ్రయించాలి.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఏడాదికి 60,000 దిర్హాముల అద్దె, మూడు నెలలకోసారి జమయ్యేలా ముందే ఇచ్చిన 15,000 చొప్పున నాలుగు చెక్కులు, రెండు నెలల పరిహారపు షరతు ఉన్నాయనుకుందాం. ఏడో నెలాఖరున ఖాళీ చేసే నాటికి మూడు చెక్కులు, అంటే 45,000 దిర్హాములు జమ అయి ఉంటాయి. ఏడు నెలల అద్దె 35,000, పరిహారం 10,000 కలిపితే సరిగ్గా అంతే. అప్పుడు నాలుగో చెక్కును, కోతలు లేకపోతే అడ్వాన్సునూ అద్దెదారు వెనక్కి అడగవచ్చు.

గడువు ముగిసినప్పుడు

ఇక్కడ భిన్నాభిప్రాయం ఉంది. అద్దెదారు 90 రోజుల ముందు నోటీసు ఇచ్చి తీరాలని కొందరు ఏజెంట్లు చెబుతారు. 2008 సవరణ తర్వాత 14వ అధికరణం 90 రోజుల గడువును షరతుల మార్పుకే ముడిపెట్టింది. అందువల్ల ఒప్పందంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, పునరుద్ధరణ వద్దనుకునే అద్దెదారుకు ఆ నిర్బంధం లేదన్న వ్యాఖ్యానమే పాఠానికి దగ్గరగా కనిపిస్తుంది. అయినా ముందే రాతపూర్వకంగా తెలపడం క్షేమం. గడువు దాటాక యజమాని అభ్యంతరం లేకుండా ఉండిపోతే, 6వ అధికరణం కింద ఒప్పందం పాత గడువుకో ఏడాదికో, ఏది తక్కువైతే దానికి పొడిగించినట్టే. యజమానే గడువు తీరాక సొంత నివాసం, అమ్మకం వంటి కారణాలతో ఖాళీ చేయించాలంటే, నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ 12 నెలల ముందు నోటీసు ఇవ్వాలి.

అద్దెదారు మరణిస్తే ఒప్పందం వారసులకు సంక్రమిస్తుంది. కొనసాగించడం ఇష్టం లేకపోతే వారు రద్దు కోరవచ్చు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఈ వెసులుబాటు చాలాసార్లు తెలియనే తెలియదు.

చెక్కులు, అడ్వాన్సు

2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు చాలక చెక్ బౌన్స్ కావడం చాలావరకు నేరాల జాబితాలోంచి తప్పుకుంది. అయితే బౌన్స్ అయిన చెక్కునే ఆధారంగా చూపి నేరుగా వసూలుకు వెళ్లే వీలు వచ్చింది. దురుద్దేశంతో ఖాతా మూసేయడం, చెల్లింపు ఆపించడం ఇప్పటికీ నేరమే. చెక్కులు చేతికి రాకుండా విమానం ఎక్కడం అందుకే ప్రమాదకరం.

అడ్వాన్సు సాధారణంగా ఏడాది అద్దెలో 5 శాతం, ఫర్నిచర్ ఉన్న ఇంటికి 10 శాతం. ఇది ఆనవాయితీయే. మామూలు వాడుకతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 21వ అధికరణం చెబుతుంది. గోడ రంగు వెలిసిందని డబ్బు కోస్తే ఈ అధికరణాన్ని చూపవచ్చు. దిగేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు తీసిన ఫొటోలు, కరెంటు-నీటి ఆఖరి బిల్లు, తాళాలు అప్పగించినట్టు సంతకమైన కాగితం, ఇజారీ రద్దు పత్రం దాచుకోవాలి.

వివాద కేంద్రం, న్యాయ సహాయం

అద్దె వివాదాల పరిష్కార కేంద్రం దుబాయ్‌లోని డేరా ప్రాంతంలో ఉంది. ముందు రాజీ విభాగం ప్రయత్నిస్తుంది, కుదరకపోతే కేసు తొలి విచారణ విభాగానికి వెళుతుంది. దావా రుసుము సాధారణంగా ఏడాది అద్దెలో 3.5 శాతం, కనీసం 500 దిర్హాములు. విచారణ భాష అరబిక్ కనుక పత్రాలకు గుర్తింపు పొందిన న్యాయ అనువాదకుల అనువాదం జతచేయాలి. లాయరు తప్పనిసరి కాదు. చిన్న మొత్తాలకు స్వయంగా వెళ్లడమే మేలు.

భారత కాన్సులేట్ ఆధ్వర్యంలోని ప్రవాసి భారతీయ సహాయత కేంద్రం భారతీయులకు న్యాయ సలహా ఏర్పాటు చేస్తుంది. అది సలహా వరకే, కోర్టులో వాదించే సేవగా దాన్ని భావించకూడదు. హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చేసినవారు దుబాయ్‌లో ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. దానికి నోటరీతో పాటు భారత విదేశాంగ శాఖ, యూఏఈ దౌత్య కార్యాలయాల ధ్రువీకరణ కావాలి. ఈ పని బయలుదేరేముందే దుబాయ్‌లో పూర్తిచేస్తే ఖర్చూ కాలమూ కలిసొస్తాయి.

పరిధి

దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం ప్రాంతానికి 2020 నాటి వేరే అద్దె చట్టం ఉంది. అబూధాబీ, షార్జాలకు వాటి చట్టాలున్నాయి. ఒక ఎమిరేట్ నియమాన్ని మరోదానికి అన్వయించడం తగదు.

బెడ్ స్పేస్‌లలో, అంటే పంచుకునే గదిలో ఒక మంచం మాత్రమే అద్దెకు తీసుకుని ఉండేవారి సంగతి వేరు. యజమాని లిఖితపూర్వక అనుమతి లేకుండా ఉప అద్దెకివ్వడాన్ని చట్టం ఒప్పుకోదు. వారి పేరున ఇజారీ కూడా సాధారణంగా ఉండదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్లినవారిలో ఇలా ఉండేవారు ఉన్నారు. వారి అడ్వాన్సు తగాదాల గురించి రాతలో ఉన్నది బహు స్వల్పం. కట్టిన ప్రతి దిర్హాముకూ రసీదు తీసుకోవడం, నగదుకు బదులు బ్యాంకు ద్వారా చెల్లించడం వారికి ఉన్న మొదటి రక్షణ. న్యాయ సలహా అందరికన్నా ముందు చేరాల్సింది కూడా వారికే.