ఆ అడుగుల చప్పుడు జాంబీది కాదు

కళ్లు తెరుస్తారు. చెవుల నిండా అలల హోరు. ఎడమచేతి వైపు బూడిదరంగు సముద్రం, కుడిచేతి వైపు ఏటవాలుగా పైకి లేచిన అడవి. పాట లేదు. ఎటు వెళ్లాలో చూపించే బాణం గుర్తు లేదు. వీపున చిన్న సంచి ఉంది, విప్పి చూడండి. కట్టు కట్టుకునే గుడ్డ, నొప్పి మాత్రలు, టార్చి. అంతే. తుపాకీ కోసం వెతక్కండి, లేదు. మొదట్లో వచ్చినవాళ్లకు ఒక మకరోవ్ పిస్తోలు ఇచ్చేవారు. 2012 వేసవిలో అదీ లాగేసుకున్నారు.

రోడ్డు పక్కన ఊరి పేరు రాసిన బోర్డు. అక్షరాలు రష్యన్ లిపిలో ఉన్నాయి. కూడబలుక్కుని చదివితే ఎలెక్ట్రోజావోద్స్క్. ఇక్కడ తిరిగేవాళ్లందరూ ఎలెక్ట్రో అంటారు, మీరూ అలాగే అనండి. మీరున్న దేశం చెర్నారస్. ఆ పేరుతో భూమ్మీద దేశమేదీ లేదు గానీ, ఈ కొండలూ లోయలూ మాత్రం చెక్ రిపబ్లిక్ ఉత్తరాన నిజంగా ఉన్నవాటిని చూసి కట్టినవే. సముద్రం ఒక్కటే కల్పన, చెక్ దేశానికి సముద్రం ఎక్కడిది? మొత్తం 225 చదరపు కిలోమీటర్లు. అంతా కాలినడకే.

కుడివైపు అంచున ఒక గుర్తు మిణుకుమంటోంది. దాహం. దాని పక్కనే ఇంకోటి మొదలైంది. ఆకలి. తిండీ నీళ్లూ ఉన్నది ఊళ్లో. జాంబీలు ఉన్నదీ ఊళ్లోనే.

రోడ్డు మీద వెళ్తే త్వరగా చేరతారు, అందరికీ కనిపిస్తారు. పొలంలోంచి పాకుతూ వెళ్తే కనిపించరు, చేరేసరికి చీకటి పడుతుంది. ఇక్కడి చీకటి సినిమాల్లోలా నీలంగా ఉండదు, నిజంగా ఏమీ కనిపించదు. టార్చి వేస్తే దారి కనిపిస్తుంది. ఆ వెలుగులో మీరూ కనిపిస్తారు.

పొలమే నయం. బోర్లా పడుకోండి. తెరమీద కన్ను బొమ్మ, చెవి బొమ్మ ఉన్నాయి చూడండి. మీరు ఎంత కనిపిస్తున్నారో, ఎంత చప్పుడు చేస్తున్నారో చెప్పేవి అవే. నిలబడితే రెండూ పెరుగుతాయి. పాకితే తగ్గుతాయి. ముప్పై అడుగుల దూరంలో చొక్కా చిరిగిన మనిషొకడు తల వంచుకుని ఊగుతున్నాడు. గొంతులో ఏదో గురగుర. వాణ్ణి దాటేదాకా ఊపిరి బిగబడతారు. గదిలో కుర్చీలో కూర్చుని ఊపిరి బిగబట్టడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మోచేయి తారు రోడ్డుకు తగిలింది. వాడు తల తిప్పాడు.

లేవండి. పరిగెత్తండి. వాడు తిన్నగా రాడు, వంకర్లు తిరుగుతూ వస్తాడు. వాడి వెనక ఇద్దరు. ఆ ఇద్దరి వెనక ఇంకొకడు. ఎదురుగా అగ్నిమాపక కేంద్రం, తలుపు తెరిచే ఉంది. దూరండి. గడప దాటగానే వాళ్లు పరుగు మానేసి నడవడం మొదలుపెడతారు. ఎందుకో అడగకండి, ఈ ఆట తీరే అంత. ఆ నడకే మీకు ప్రాణం. రెండో వాకిట్లోంచి బయటపడి, రెండు వీధులు దాటి, ఒక కొట్టంలో దూరి గోడకు ఆనుకోండి.

నేలమీద ఒక బీన్స్ డబ్బా. ఒక కోలా డబ్బా. మూలన పాతకాలపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. చేతికి తుపాకీ వచ్చిందని సంబరపడకండి. ఈ రైఫిల్ మోత ఊరంతా వినిపిస్తుంది. ఒక్కసారి పేలిస్తే జాంబీలే కాదు, మనుషులూ వస్తారు.

తింటూ ఉండండి. ఇంత కటువైన ఆట కల్పించినవాడెవడని మీకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. పేరు డీన్ హాల్. న్యూజిలాండ్ సైన్యంలో పనిచేశాడు. బ్రూనై అడవుల్లో బతికి బయటపడే శిక్షణకు వెళ్లి, తిండి చాలక, గాయపడి నానా అవస్థా పడ్డాడు. ఆ అనుభవమే ఈ ఆటకు విత్తనం. ప్రాగ్‌కు చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ 2009లో తెచ్చిన ఆర్మా 2 సైనికుల ఆట. అందులో తూటా దూరానికి లొంగుతుంది, ఒక్క దెబ్బకే మనిషి పడిపోతాడు. హాల్ సొంత సమయంలో దాని మీద తన మోడ్, అంటే ఉన్న ఆటనే మార్చి చేసిన కొత్త రూపం, కట్టి, డేజెడ్ అని పేరు పెట్టి ఉచితంగా వదిలాడు. 2012 ఆగస్టుకల్లా పది లక్షల మంది ఆడారు. మోడ్ నడవాలంటే కింద ఆర్మా 2 ఉండాలి కాబట్టి, మూడేళ్లనాటి ఆ ఆట స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం అమ్మకాల్లో మళ్లీ పైకెక్కింది.

ఆగండి. అది విన్నారా?

బయట అడుగుల చప్పుడు. జాంబీది కాదు. జాంబీ ఇలా రెండడుగులు వేసి ఆగదు. ఆగి వినదు.

"ఫ్రెండ్లీ?"

మనిషి గొంతు. కొంచెం వణుకుతోంది. దగ్గర్లో ఉన్నవాళ్లకు మాత్రమే వినిపించే మాట అది. వాడు ఎక్కడో ఏదో దేశంలో మైకు ముందు కూర్చుని, మీలాగే ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

జవాబిస్తే మీరెక్కడున్నారో తెలిసిపోతుంది. ఊరుకుంటే శత్రువనుకుంటాడు. రైఫిల్ మీ చేతిలో ఉంది. వాడి దగ్గరేముందో తెలియదు. కాల్చేస్తే వాడి సంచి మీదే. ఈ ఆటలో అందుకు పెద్ద జరిమానా లేదు. వదిలేస్తే బహుమతీ లేదు. చచ్చినవాడు మాత్రం అప్పటిదాకా కూడబెట్టినదంతా పోగొట్టుకుంటాడు, అదే ప్రాణంతో మళ్లీ లేవడు.

మైకు మీట నొక్కండి. "ఫ్రెండ్లీ. కాల్చకు."

నిశ్శబ్దం.

"సరే. బయటికి రా. నెమ్మదిగా."

గడప దాటతారు. పది అడుగుల్లో వాడు. చేతిలో గొడ్డలి. మీ రైఫిల్ మొన వాడి గుండె మీద. ఇద్దరూ కదలరు.

పేలుడు.

వాడు కాదు. మీరు కాదు. ఉత్తరాన కొండ మీద నుంచి. ఎలెక్ట్రోని పైనుంచి చూస్తూ తుపాకీ పట్టుకుని పడుకునేవాళ్లకు అది పాత అడ్డా.

కింద పడ్డారు. కాలు విరిగింది. లేవలేరు. రక్తం. రంగులు వెలిసిపోతున్నాయి. పచ్చగడ్డి బూడిదవుతోంది. కట్టు గుడ్డ. సంచిలో. తెరవండి. చేయి అందడం లేదు. చీకటి.

తెర మధ్యలో ఇసుక గడియారం ఒకటే మిగిలింది. మీరు చేయగలిగింది ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు, ఏ మీట నొక్కినా పలకదు. వాడు పారిపోయాడా? మీ రైఫిల్ తీసుకుంటున్నాడా? ఇసుక జారుతోంది.

చూపు వస్తుంది. కొట్టం లోపల కాదు, గోడ చాటున అక్కడే పడి ఉన్నారు. వాడు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టాడు. కాలికి మార్ఫిన్ సూది వేశాడు. ఇప్పుడు రక్తం సంచి తీస్తున్నాడు. ఒక్కో చుక్కకూ గడ్డి మళ్లీ పచ్చబడుతోంది.

ఈ మోడ్ నాకు అన్నిటికన్నా ఇష్టం కావడానికి కారణం ఆ రక్తం సంచి. నిండు మనిషికి ఇక్కడ 12,000 రక్తం. తగ్గితే మాంసం కాల్చుకు తిని కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. కానీ రక్తం ఎక్కించుకోవాలంటే అది మీ చేతుల్లో లేదు, సంచి మీ దగ్గరే ఉన్నా ఇంకొక మనిషే ఎక్కించాలి. మిమ్మల్ని చంపగలిగిందీ వాడే, బతికించగలిగిందీ వాడే. ఎవరు ఏ పని చేస్తారో హాల్ రాసిపెట్టలేదు. మంచివాడి పాత్రకు మాటలు రాసి, సమయానికి వచ్చి కాపాడేలా చేసిన ఆటలు చాలా ఆడాను. అక్కడ కృతజ్ఞత ఎవరికి చెప్పాలి? ఇక్కడ చెప్పడానికి ఒక మనిషున్నాడు, మైకులో వింటాడు కూడా.

అన్నీ మెచ్చుకుంటున్నానని అనుకోకండి. వాడితో కలిసి ఊరు దాటి, ఒక గోదాము మీదికి ఇనుప నిచ్చెన ఎక్కుతారు. పై మెట్టు దగ్గర కాలు ఎక్కడో ఇరుక్కుని, గాల్లోంచి జారి నేలమీద పడి చచ్చిపోతారు. జాంబీలు చంపలేదు, కొండ మీదివాడు చంపలేదు, నిచ్చెన చంపింది! ఆర్మా 2 నిచ్చెనల గురించి తిట్టుకోని ఆటగాడు లేడు. తెరమీద 'మీరు చనిపోయారు' అన్న అక్షరాలు. రైఫిల్, బీన్స్, తోడు దొరికిన మనిషి, అన్నీ పోయినట్టే.

తర్వాత బొహీమియా హాల్‌తో కలిసి దీన్ని విడి ఆటగా చేసింది. 2013 డిసెంబరులో సగం తయారైన రూపంలో అమ్మకానికి పెట్టి, పూర్తయిందని 2018 డిసెంబరులో ప్రకటించారు. హాల్ మధ్యలోనే, 2014లో వెళ్లిపోయాడు. అది మోడ్ కన్నా అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. నేను మాత్రం మోడ్ వైపే.

ఇంకో కొమ్మ మన ఇళ్లదాకా వచ్చింది. ఐర్లాండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ ఈ మోడ్ మీద ఇంకో మోడ్ కట్టాడు, చివరికి ఒక్కడే మిగిలే పోటీగా. ఆ ఆలోచనే పెరిగి 2017లో పబ్జీ అయింది. దాని మొబైల్ రూపం హాస్టల్ గదుల్లో, ఇంటి అరుగుల మీద మనవాళ్లు ఎంతగా ఆడారో చెప్పనక్కర్లేదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించేదాకా ఆడుతూనే ఉన్నారు. నా లెక్కలో పబ్జీ ఈ మోడ్‌లోంచి వేటను తీసుకుంది, దారిన పోయే మనిషికి రక్తం ఎక్కించే పనిని వదిలేసింది.

ఆడాలనిపిస్తే మోడ్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఆర్మా 2, దాని అనుబంధం ఆపరేషన్ ఆరోహెడ్ కొనుక్కోవాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటిసారి ఒక్కరే వెళ్లండి. స్నేహితుల్ని వెంటబెట్టుకుంటే రక్తం వాళ్లే ఎక్కిస్తారు, సగం ఆట అక్కడే పోతుంది. నిచ్చెనలు ఎక్కకండి. మైకు మాత్రం ఆపేయొద్దు.