ఇసుక నుండి తెర దాక : బోధనోపకరణముల చరిత్ర

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాసు, హరదత్తుడు అను ఇరువురు నాట్యాచార్యులు తమలో ఎవరు అధికులని వాదులాడుకొందురు. ఆ తగవు మాటలతో తీరలేదు. శిష్యురాలిని రంగముపై నిలిపి, ఆమె అభినయమును చూచి నిర్ణయింపవలసి వచ్చెను. గురువు విద్యకు కొలత శిష్యునియందే కలదని ఆ ఘట్టము తెలుపుచున్నది. బోధనకై కాలక్రమమున వచ్చిన ఉపకరణములకును ఇదియే కొలత. ఇసుక మొదలు కంప్యూటరు వరకు ప్రతి సాధనమును విద్య రూపు మార్చునని చాటుచునే వచ్చిరి. వానిలో ఏది ఫలించెను, ఏది మూలబడెను, ఎందువలన అను ప్రశ్నకు చరిత్ర సమాధానము చెప్పుచున్నది.

మన దేశపు వీధిబడులలో పసివారు నేలపై ఇసుక పోసికొని, వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పెడివారు. కాగితము అక్కరలేదు, సిరా అక్కరలేదు, ఖర్చు లేదు. ఈ పద్ధతిని చూచి ఆశ్చర్యపడిన దొర ఆండ్రూ బెల్. ఆయన 1789లో మద్రాసునందలి ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు అధికారి అయ్యెను. ఒకనాడు గుఱ్ఱముపై పోవుచు, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుటను కనెను. వెంటనే తన బడికి మరలి, అట్లే నేర్పుడని ఉపాధ్యాయులను ఆజ్ఞాపించెను. వారు అది సాధ్యము కాదనిరి. బెల్ వారితో వాదింపక, జాన్ ఫ్రిస్కెన్ అను ఒక చిన్న బాలునికి ఆ పని అప్పగించెను. అతడొక సామాన్య సైనికుని కుమారుడు. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు నెరవేర్చి చూపెను. 1797లో బెల్ ఈ వృత్తాంతమును లండనులో ప్రకటింపగా, అది “మద్రాసు పద్ధతి” అను పేరుతో ఇంగ్లాండున వ్యాపించెను.

ఈ కథను సాధారణముగా ఉపాధ్యాయుల మొండితనమునకు ఉదాహరణముగా చెప్పుదురు. కాని రెండవ ప్రక్కను గూడ చూడవలెను. క్రొత్త పద్ధతిని ఎట్లు నడుపవలయునో వారికి ఎవరును కూర్చుండి నేర్పలేదు; ఉదయము చూచినదానిని వెంటనే అమలు పరుపుడనిరి. వారు కాదనగా వారిని తప్పించి పని నడిపిరి. అందువలన బడి చవుకయైనది, అక్షరములు వచ్చినవి. కాని ఇంగ్లాండున ఈ పద్ధతి బడులు వల్లెవేతకే ప్రసిద్ధికెక్కినవి. తానే నేర్చుకొనుచున్న పిల్లవాడు తోటివానికి పాఠమును అప్పజెప్పగలడు గాని, దాని లోతును విప్పి చెప్పుట ఎట్లు?

ఈ సత్యమును మన ప్రాంతపు కలెక్టరు ఒకడు స్పష్టముగా వ్రాసియున్నాడు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడులను లెక్కించి పైవారికి నివేదిక పంపెను. నేటి అనంతపురము ప్రాంతము అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. ఆయన లెక్కకు వచ్చిన బడులు 533, చదువుకొను పిల్లలు 6,641. ఇసుకలో వ్రాయు పొదుపును, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పు విధానమును ఆయన మెచ్చుకొని, ఇంగ్లాండువారు అనుకరించుట తగినదే యనెను. కాని ఆ బడుల లోపములను చెప్పుచు, చదివించు గ్రంథముల తీరును, సమర్థులైన ఉపాధ్యాయుల కొరతను ఎత్తి చూపెను. సాధనము మంచిదే, చేయి కరవు అని దాని సారాంశము. రెండువందల ఏండ్ల తరువాతను ఆ వాక్యపు పదును తగ్గలేదు.

నల్లబల్ల కథ వేఱు. ఎడింబరో హైస్కూలునకు 1810 నుండి 1820 వరకు ప్రధానాచార్యుడుగా నుండిన జేమ్స్ పిలాన్స్ నల్లబల్లపై రంగుసుద్దలతో దేశపటములను గీసి భూగోళము చెప్పెను. నదిని ఒక రంగుతో, కొండను మఱియొక రంగుతో తరగతి కన్నులయెదుటనే గీయుచుండగా, పాఠము గోడపై పెరుగుచు వచ్చెడిది. అచ్చుపటము గోడకు వ్రేలాడు వస్తువు. గీయుచున్న పటము ఉపాధ్యాయుని ఆలోచన. ఇచ్చట సాధనము ఉపాధ్యాయుని వెలుపలినుండి వచ్చి మీద పడలేదు. తన పాఠమున తనకు కలిగిన కొరతను తీర్చుకొనుటకు ఉపాధ్యాయుడే దానిని పట్టుకొనెను. అందువలననే నల్లబల్ల ప్రపంచమంతట నిలిచినది.

స్వతంత్ర భారతమున ఉన్నత పాఠశాలలకు యంత్రసాధనము పెద్దయెత్తున వచ్చినది 1961లో. టెలివిజన్ ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ఆరంభమైనది. రెండేండ్లకు ఫోర్డు ఫౌండేషను సహాయముతో అచ్చటి పాఠశాలలకు పాఠముల ప్రసారము మొదలైనది. ప్రయోగశాలలు చాలని బడులలోని పిల్లలకు గూడ విజ్ఞానశాస్త్ర ప్రయోగములు తెరపై కానవచ్చెను. అయితే తెర ఒకవైపే మాటలాడును. పిల్లవాని ప్రశ్న దానికి వినబడదు. పాఠమునకు ముందు పిల్లలను సిద్ధపరచి, తరువాత సందేహములు తీర్చవలసినవాడు తరగతిలోని ఉపాధ్యాయుడే.

అంతకన్న గొప్ప సాహసము 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగినది. దానికి బీజము వేసినవాడు విక్రమ్ సారాభాయి. ఆయన 1971లో పరమపదించినను, ఆయన తలచిన కార్యము నడచినది. అమెరికావారి ఏ.టి.యస్.-6 అను ఉపగ్రహమును ఒక సంవత్సరము అరువు తీసికొని, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ పంపిరి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్లగూళ్లకు వాడు ఇనుపవలను గొడుగువలె అల్లి, ఆకాశము నుండి వచ్చు సంకేతమును పట్టిరి. ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. హిందీ, ఒరియా, కన్నడములతోపాటు తెలుగున గూడ ఉదయపు పాఠములు వచ్చెను.

ఈ ప్రయోగమున మిక్కిలి తలచుకొనవలసిన అంశము, తక్కువగా తలచుకొనబడు అంశము, ఉపాధ్యాయుల శిక్షణ. సెలవులలో పండ్రెండు దినములచొప్పున రెండు పర్యాయములు, మొత్తము సుమారు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనను నేర్పిరి. కేవలము తెరను చూచి పొండనలేదు. టెలివిజన్, రేడియో, అచ్చుపుస్తకము, చేతితో చేయు ప్రయోగము, తరువాత చర్చ — ఇన్నింటిని కలిపిరి. ఊరిలో దొరకు వస్తువులతోనే ప్రయోగములు చేయించిరి. సంవత్సరము కాగానే ఉపగ్రహము మరలిపోయినది, తెరలు చీకటిపడినవి. కాని ఉపాధ్యాయుడు నేర్చినది ఉపగ్రహముతో మరలిపోలేదు. యంత్రము అరువుది, విద్య సొంతము.

ఈ పాఠమును మరచిన సందర్భములును కలవు. 1984-85లో బి.బి.సి. మైక్రో అను కంప్యూటర్లతో సుమారు 250 పాఠశాలలలో కంప్యూటరు అక్షరాస్యతా పథకము ఆరంభమైనది. ఉద్దేశము ఉత్తమము, ఉపాధ్యాయులకు కొంత శిక్షణయును ఇచ్చిరి. అయినను కంప్యూటరు తనంతట తాను ఒక పాఠ్యాంశమయ్యెనే గాని, గణితపు మాస్టారి గణితమునకు, చరిత్ర మాస్టారి చరిత్రకు చేదోడు కాలేదు. ప్రత్యేకమైన గదిలో ఉన్న వస్తువు తరగతిగదిలోని పాఠమును మార్చుట కష్టము.

2001లో కేరళ రాష్ట్రమున మొదలైన ఐ.టి.@స్కూల్ పథకము వేఱొక దారి పట్టినది. శిక్షకులుగా వెలుపలివారిని గాక బడులలోని ఉపాధ్యాయులనే ఏర్పరచిరి. ఒక్కొక్క ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని సమన్వయకర్తగా నిలిపిరి. వెల లేని స్వేచ్ఛా సాఫ్టువేరును స్వీకరించి, దానిని మలయాళమునకు అనువుపరచుకొనిరి. 2018లో 8 నుండి 12 వరకు తరగతులకై 45,000 గదులలో ల్యాప్‌టాపు, ప్రొజెక్టరు అమర్చు పని చేపట్టిరి. ఆ సంవత్సరమే “లిటిల్ కైట్స్” అను విద్యార్థి సంఘములును వెలసినవి. నాడు బెల్ బాలుని నిలిపి ఉపాధ్యాయుని తప్పించెను. నేడు బాలుడు ఉపాధ్యాయుని ప్రక్కన నిలిచి సాయపడుచున్నాడు. భేదము చిన్నదిగా కానవచ్చును, కాని ఫలము అందే కలదు.

2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుండియే విద్యకొఱకు ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహము ఆకాశమున కెగసినది. 2020లో మహమ్మారి బడుల తలుపులు మూయించినప్పుడు, తెలుగునాట ఉపాధ్యాయులు దూరదర్శన్‌లోను, చరవాణిలోను పాఠములు చెప్పిరి. అనేకులు ఆ పనిని ముందుగా నేర్వలేదు. అవసరమే గురువై నేర్పినది. పరికరము లేని ఇంటి పిల్లలు ఆ పాఠమునకు దూరమైరి. ఉన్న ఇంటను, పిల్లవాని మొగము చూచి “అర్థమైనదా?” యని అడుగువాడు లేక, పాఠము సగమే చేరినది.

ఈ రెండువందల ముప్పది ఏండ్ల చరిత్రను ఒక పద్దుపుస్తకముగా తెఱచి చూచినచో, యంత్రముల కొనుగోలు పద్దు ఎల్లప్పుడును పెద్ద అక్షరములలో కానవచ్చును. ఉపాధ్యాయుని శిక్షణ పద్దు అడుగున, చిన్న అక్షరములలో ఉండును. ఎచ్చట రెండవ పద్దు నిండుగా నుండెనో అచ్చట ఫలము జమకు వచ్చినది. ఎచ్చట అది ఖాళీగా నుండెనో అచ్చట మొదటి పద్దు దుమ్ముపాలైనది.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఈ సంగతి క్రొత్త కాదు. బీరువాలో పుస్తకము కూడ ఒక పరికరమే. దానిని తీసి, దుమ్ము దులిపి, ఇది నీకు తగునని చదువరి చేతిలో పెట్టువాడు ఉన్నప్పుడే అది గ్రంథము. ఊరి ఉన్నత పాఠశాలకు క్రొత్త తెర వచ్చిన నాడు, దాని వెల ఎంత అని అడుగుటకు ముందు, దానిని వాడుటకు మాస్టరుగారికి ఎన్ని దినముల తీరిక ఇచ్చిరి, తోడు ఎవరిని ఇచ్చిరి అని గ్రామస్థులు అడుగవలెను. సెలవుదినములలో ఉపాధ్యాయులు కూడి, ఒకరికొకరు చూపుకొని నేర్చుకొనుటకు గ్రంథాలయము ఒక గదియు, ఒక దీపమును ఇచ్చినను చాలును. తక్కిన తీర్పు, గణదాసు కథలో వలెనే, శిష్యుడు చెప్పును.