ఆట మధ్యలో ఎగిరే పింగ్: తప్పు ఇంట్లోనా, స్తంభం మీదా?

ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ రాత్రి 8 దాటాక కుర్రాళ్ల నోట వినిపించే మాట ఒకటే: ‘ల్యాగ్ కొడుతోంది’. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటి ఆటల్లో పింగ్ 40 దగ్గర నిలకడగా ఉంటుంది, ఎదుటివాడు కనిపించిన క్షణంలో ఒక్కసారిగా 400కి ఎగురుతుంది. రెండు సెకన్లలో మళ్లీ మామూలు. ఈలోగా ఆట అయిపోయి ఉంటుంది. చాలా ఇళ్లలో దీనికి చేసే మొదటి వైద్యం పెద్ద ప్లాన్‌కు మారడం, రెండోది కొత్త రౌటర్ కొనడం. రెండూ డబ్బు ఖర్చే, చాలాసార్లు రెండింటితోనూ జబ్బు తగ్గదు.

ఎందుకంటే స్పీడు వేరు, ఆలస్యం వేరు. 100 ఎంబీపీఎస్ అంటే రోడ్డు ఎంత వెడల్పో చెప్పే లెక్క. పింగ్ అంటే ఒక మనిషి సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, మిల్లీ సెకన్లలో. ఆటకు వెడల్పు పెద్దగా అక్కర్లేదు. గంటసేపు ఆడినా మామూలుగా 100 ఎంబీ కూడా ఖర్చు కాదు. అందుకే స్పీడ్ టెస్టులో ముల్లు బ్రహ్మాండంగా తిరిగినా ఆటలో మాత్రం నరకం కనిపిస్తుంది.

కొంత ఆలస్యం ఎవరూ తప్పించలేనిది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్లకు రానూపోనూ 1 మిల్లీ సెకను. చెన్నై నుంచి సింగపూర్ సుమారు 3,000 కిలోమీటర్లు కాబట్టి అక్కడి సర్వర్‌కు 30 కన్నా తక్కువ పింగ్ రావడం ప్రకృతి విరుద్ధం. నిలకడగా 70 ఉంటే ఆడొచ్చు. 30 నుంచి 400కి గెంతేదే ఆటను చెడగొడుతుంది. గల్ఫ్‌లో ఉన్న బంధువులతో కలిసి అక్కడి సర్వర్‌లో ఆడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 2025 సెప్టెంబరు 6న జిద్దా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు భారత్, పాకిస్తాన్, గల్ఫ్ దేశాల్లో ఇంటర్నెట్ నెమ్మదించింది. అలాంటి వేళ డేటా చుట్టుదారిలో తిరుగుతుంది, పింగ్ రోజుల తరబడి ఎక్కువగా ఉంటుంది. ఇంట్లో రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. అప్పుడప్పుడూ గెంతేదానికి కారణం మాత్రం దాదాపు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది.

ముందుగా అది నెట్ తప్పేనా అని తేల్చుకోవాలి. ఎండాకాలంలో రేకుల గదిలో కూర్చుని ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బొమ్మ తునకలు తునకలుగా కదులుతుంది. కానీ తెర మూలన పింగ్ అంకె మారదు. ఇది ల్యాగ్ కాదు, వేడి. ఫ్యాను కింద కూర్చుని, ఛార్జర్ తీస్తే చాలు.

అంకె నిజంగానే ఎగురుతుంటే అసలు పరీక్ష మొదలవుతుంది. ఒకే సమయంలో రెండు చోట్లకు పింగ్ వేయడమే ఆ పరీక్ష. ల్యాప్‌టాప్ ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లు రెండు తెరవాలి. ఒకదానిలో రౌటర్ చిరునామాకు (చాలా పెట్టెలకు 192.168.1.1, కొన్నిటికి 192.168.0.1), రెండోదానిలో గూగుల్‌వారి 8.8.8.8కు పింగ్ నడపాలి. చివర హైఫన్, టి అక్షరం చేరిస్తే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు ఈ పనే చేసే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. పక్కన ఇంకొకరు ఆట ఆడుతుండగా చూడాలి. ల్యాగ్ కొట్టిన క్షణంలో రౌటర్ పింగ్ కూడా 1, 2 నుంచి వందల్లోకి వెళ్తే తప్పు ఇంట్లోనే, అంటే వైఫైలో. రౌటర్ పింగ్ కదలకుండా బయటిది మాత్రమే ఎగిరితే వైఫై నిర్దోషి. ఈ ఒక్క సంగతి తెలియకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు.

వైఫై దోషి అని తేలితే మొదట పెట్టె ఉన్న చోటు చూడాలి. కనెక్షన్ ఇచ్చే మనిషి తీగ ఎక్కడ తేలిగ్గా లోపలికి వస్తే అక్కడ, లేదా టీవీ వెనక బిగించి వెళ్తాడు. పాత మిద్దెల మందపు గోడల మధ్య 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండో గదికే నీరసపడుతుంది. ఫోన్ అప్పుడు 2.4కి మారిపోతుంది. ఆ 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. గోడకు గోడ ఆనుకున్న వీధిలో పది రౌటర్లు ఆ మూడింటి కోసమే కొట్టుకుంటాయి. దానికి తోడు బ్లూటూత్ ఇయర్‌బడ్స్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే గాలిని వాడతాయి. ఆడేవాళ్లు రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని, 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టుకుని దానికే కలిపితే సగం బాధ పోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో లొకేషన్ సెట్టింగుల్లో ఉండే వైఫై స్కానింగ్ ఆపడం కూడా మేలు. ఫోన్ కొద్ది కొద్ది సేపటికి వేరే నెట్‌వర్క్‌ల కోసం వెతకబోయి చేతిలో ఉన్నదాన్ని కాసేపు వదిలేస్తుంటుంది. కంప్యూటర్‌లో ఆడేవాళ్లకైతే పది మీటర్ల ల్యాన్ తీగకు మించిన మందు లేదు.

వైఫై బాగుండి బయటి పింగ్ ఎగురుతుంటే, స్తంభం ఎక్కే ముందు ఇంట్లోవాళ్ల ఫోన్లు చూడాలి. ఎక్కువగా దొరికే దొంగ ఇక్కడే ఉంటాడు. పెళ్లి వీడియోలు, ఫొటోలు ఫోన్ నుంచి క్లౌడ్‌కు బ్యాకప్ అవుతుంటాయి. అప్‌లోడ్ దారి నిండిపోతే రౌటర్ ఆ డేటానంతా క్యూలో నిలబెడుతుంది. ఆట పంపిన చిన్న ముక్క కూడా ఆ క్యూ చివరే నిలబడాలి. ఒంటి వరస రోడ్డులో లోడు లారీల వెనక బైకు ఇరుక్కున్నట్టన్నమాట. బైకుకు దమ్ములేక కాదు, దారి లేక. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. గల్ఫ్‌లో ఉన్న అబ్బాతో మాట్లాడుతుంటే వీడియో కాల్ బిగుసుకుపోయేది కూడా చాలాసార్లు ఇందుకే. ఆటవల్లే కాల్ కట్ అవుతోందని అమ్మీ పిల్లాడిని తిడుతుంది, వాడేమో కాల్ వల్లే ఆట పోయిందంటాడు. అసలు దోషి మూడో గదిలో ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్.

పరీక్ష తేలిక. 8.8.8.8కు పింగ్ నడుస్తుండగా ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టాలి. 30 ఉన్నది 300 అయితే దొంగ దొరికినట్టే. బ్యాకప్‌ను రాత్రి అందరూ పడుకున్నాక పెట్టుకోవాలి. రౌటర్‌లో క్యూఓఎస్ సదుపాయం ఉంటే అప్‌లోడ్‌ను అసలు వేగంలో 80, 90 శాతానికి కట్టడి చేయాలి. కొంచెం స్పీడు వదులుకుంటే క్యూ పెరగదు. కంపెనీ ఇచ్చే పెట్టెల్లో చాలావాటికి ఇది సరిగా ఉండదు. కొత్త రౌటర్ కొనడానికి న్యాయమైన కారణం ఏదైనా ఉంటే ఇదే.

ఇంట్లో అందరి ఫోన్లూ ఆపినా ఎగురుతుంటే అప్పుడు స్తంభం వంతు. పల్లె టౌన్లకు ఫైబర్ ఎక్కువగా గాలిలోనే వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీదుగానే లాగినది. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్న ఆ మాట తక్కువ ఖర్చుతో కుదిరింది కూడా అందువల్లే. గాలిలో వేలాడే తీగకు గాలివాన, కొమ్మలు, లారీ తగలడం అన్నీ గండాలే. తీగ పూర్తిగా తెగితే పెట్టె మీద ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతుంది, అది అందరికీ తెలుసు. మడత పడితేనో, అతుకులో దుమ్ము చేరితేనో తెగదు, వెలుగు తగ్గుతుంది. గాలి వీచినప్పుడల్లా ల్యాగ్ వస్తుంటే ఇదే అనుమానించాలి. పెట్టె సెట్టింగుల పేజీలో ఆర్ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 20 దగ్గరుంటే బాగున్నట్టు. మైనస్ 27 అంటే అంచున ఉన్నట్టు. మైనస్ కాబట్టి అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ప్రతి 3కి సగమవుతుంది. తీగను ఇంట్లో మేకుకు చుట్టి వంచిన చోట వదులు చేస్తేనే కొన్నిసార్లు రెండు మూడు పాయింట్లు కోలుకుంటుంది.

కరెంటు సంగతి వేరు. ఇన్వర్టర్‌కు మారే అరక్షణంలో పెట్టె ఆగి మళ్లీ లేస్తే ఒకట్రెండు నిమిషాలు నెట్టే ఉండదు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెడితే సరిపోతుంది. అడాప్టర్ మీద రాసిన వోల్టు అంకె (ఎక్కువగా 12) అదే ఉండాలి, ఆంపియర్ అంతకు తగ్గకూడదు.

వెలుగు బాగుండి, రోజూ రాత్రి 8 నుంచి 11 మధ్యే, రంజాన్‌లో అయితే తరావీహ్ అయ్యాకే ఎగురుతుంటే అది రద్దీ. జీపాన్ ఫైబర్‌లో ఒక దారిని 32 లేదా 64 ఇళ్లు పంచుకోవడం మామూలే. అంతకన్నా ఎక్కువ ఇరుకు, ఆపరేటర్ పైనుంచి కొన్న బ్యాండ్‌విడ్త్ దగ్గర వస్తుంది. ఎయిర్‌ఫైబర్ లాంటి 5జీ కనెక్షన్‌కు అదే ఇరుకు టవర్ దగ్గర. ఇది ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు, చెప్పాల్సింది ఆపరేటర్‌కే. ‘అన్నా, నెట్ స్లో’ అంటే ఆయన స్పీడ్ టెస్ట్ పెట్టి 100 చూపించి వెళ్తాడు. ‘అన్నా, మూడు రోజులుగా రాత్రి 9కి రౌటర్ పింగ్ 2, బయట 350, పొద్దున 6కి బయట 28, ఆర్ఎక్స్ మైనస్ 21, ఇవిగో ఫొటోలు’ అంటే మాట వేరేగా ఉంటుంది. ట్రేస్‌రూట్ కూడా తీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మధ్య మెట్లలో ఒకటి జవాబివ్వకపోయినా, అక్కడ ఎక్కువ చూపినా, చివరి మెట్టు బాగుంటే అది లోపం కాదు. ఆ రౌటర్లు పింగ్‌లకు తీరిగ్గా జవాబిస్తాయి.

ఆపరేటర్ పట్టించుకోకపోతే కంపెనీ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు తీసుకోవాలి. అక్కడా తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకునే హక్కును ట్రాయ్ నిబంధనలు ఇచ్చాయి. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నాణ్యత నిబంధనల్లో స్పీడుతో పాటు ఆలస్యం, జిట్టర్, ప్యాకెట్ నష్టం కూడా లెక్కకు వస్తాయి. కాబట్టి ఫిర్యాదులో ఆ మాటలే రాయించాలి.

కంపెనీ మారాలనుకునేవాళ్లు అదే వీధిలో ఆ నెట్ ఉన్న ఇంట్లో రాత్రి 9కి పది నిమిషాలు పింగ్ వేసి చూసుకోవాలి. కొత్తది వచ్చి ఒక శనివారం రాత్రి గడిచేదాకా పాత కనెక్షన్ తీయించకుండా ఉంచుకుంటే మంచిది.