మా తొవ్వల చరిత్ర – 6: బస్సు దాకా పోవుడెట్ల?



పోయిన వారం వెట్టి గురించి రాసిన. దాని కొనసాగింపే ఇది.

నిజాం కాలంల మా నంగునూరు దిక్కే కాదు, తెలంగాణ పల్లెలల్ల ఎక్కడ చూసినా రవాణా అంటే మనిషే. దొరలు మేనాలల్ల కూసుంటే బోయలు, బెస్తలు భుజాల మీద మోసిండ్రు. దొర కచ్చరం కదిలితే దానికి ముందొకడు, వెనకొకడు ఉరికింది వెట్టోళ్లే. ఊరూరికి చీటీలు మోసింది, అధికారుల సామాను మోసింది మనోళ్లే. చెప్పులు కుట్టిచ్చింది మాదిగోడు, వట్టి కాళ్లతోటి ఉరికిందీ మాదిగోడే. పుచ్చలపల్లి సుందరయ్య సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంల ఈ వెట్టి రూపాలన్నీ ఉన్నయి. పీహెచ్‌డీ రోజులల్ల అది చదువుతుంటే నన్ను ఒకటే ప్రశ్న తొలిచింది. ఊరందరినీ మోసిన ఈ మనుషులకు ముసలితనం వస్తే, కాలు పడిపోతే, వాళ్లను మోసిందెవరు? మా అవ్వను అడిగిన.

"ఎవలు మోస్తరు బిడ్డా? మంచానికి తాళ్లు గట్టి నలుగురు ఎత్తుకపోయేది. నలుగురు దొరకకుంటె ఇంట్లనే పండేది."

1932ల నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలయ్యింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. 1951ల అది హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయ్యింది. ఇక్కడ చాలామంది నిజాం దూరదృష్టిని పొగుడుతరు. పొగడనీయండి. నేను చూసేది టికెట్‌ను. దాని మీద ఊరి పేరు ఉంటది, పైసలు ఉంటయి, కులం ఉండదు.

ఇది చిన్న సంగతి అనుకునే విద్యార్థులు అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదవాలె. 1901ల తండ్రి దగ్గరికి పోదామని మసూర్ స్టేషన్‌ల దిగిన పిల్లలను, కులం తెలిసినంక ఒక్క బండోడు ఎక్కించుకోలే. ఆఖరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నడు. అదీ పిల్లలే బండి తోలుకోవాలె, వాడు పక్కన నడుస్తడు. 1929 నాటికి ఆయన బారిస్టర్, ప్రభుత్వ కమిటీ సభ్యుడు. అయినా చాలీస్‌గావ్‌ల టాంగావాలాలు ఎక్కించుకోలే. వాడవాళ్లే టాంగా కిరాయికి తెచ్చిండ్రు. తోలుడు రానోడు తోలిండు. కల్వర్టు కాడ టాంగా బోల్తాపడి అంబేద్కర్ కాలు విరిగింది, కొన్ని రోజులు నడవలేకపోయిండు. కులం మనిషి కాలు ఎట్ల విరగ్గొడ్తదో ఇంతకన్న నేరుగా చెప్పిన పుస్తకం నేను చదవలే.

బస్సు వచ్చినంక ఆ బాధ చాలావరకు తప్పింది. కానీ బస్సు ఊరి నడుమ ఆగుతది, మన వాడ ఊరి చివర ఉంటది. ఆ నడుమ తొవ్వను ఏ శాఖా తన లెక్కల రాసుకోలే.

మా చిన్నబాపుకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడ్డది. సదరం సర్టిఫికెట్ గడువు అయిపోతే మీసేవల స్లాట్ బుక్ చేసినం. బస్సు మొదటి మెట్టే ఆయన మోకాలంత ఎత్తు. అందుకని ఆరు వందలకు ఆటో మాట్లాడినం. తీరా పోతే దవాఖానల "ఇయ్యాల డాక్టర్ రాలే, మళ్ల రాండ్రి" అన్నరు. మళ్ల ఆరు వందలు. మూడోసారికి పని అయ్యింది. నడవలేనని రుజువు చేసుకోవడానికి మనిషి మూడుసార్లు తిరగాలె! క్యాంపు తారీఖు దవాఖానకు తెలుసు, పింఛన్ల జాబితా మండల ఆఫీసుకు తెలుసు, ఏ బస్సు ఎప్పుడు పోతదో డిపోకు తెలుసు. ఈ ముగ్గురు కూసొని మాట్లాడుకుంటే క్యాంపు రోజు ఒక్క బస్సు నాలుగు ఊర్లు తిరిగి అందరినీ తీసుకపోయి తీసుకొస్తది. కొత్త పథకం అక్కర్లేదు, ఫోన్లు చాలు.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్ లేదు. మా అవ్వ జీరో టికెట్‌ను నోట్ల కట్టల తీర్గ మడిచి కొంగుకు కట్టుకుంటది. ఈ పథకాన్ని ఎక్కిరించేటోళ్లతోటి నాకు మాటల్లేవు. కూలికి పోయే ఆడమనిషికి నెలకు ఎంత మిగులుతదో వాళ్లకు తెల్వదు. కానీ చిన్నబాపు మొగమనిషి. పాస్ ఉంటే ఆయనకు రాయితీయే, ఉచితం కాదు. టికెట్ తీసేసినా మెట్టు ఎత్తు మాత్రం తగ్గదు. 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు ఆర్టీసీ కార్మికులు సమ్మె చేసిండ్రు. పబ్లిక్ బస్సు లేకుంటే ఎవరు ఇంట్ల పడి ఉంటరో ఆ రోజులల్ల మా వాడల కండ్లార చూసిన.

వికలాంగుల ముచ్చట దళిత ఉద్యమానికి బయటిది అనేటోళ్లకు ఒక మాట. 1994ల మాదిగ దండోరా మొదలుపెట్టిన మంద కృష్ణనే తర్వాత వికలాంగుల హక్కుల పోరాట సమితిని నడిపిండు, గుండె జబ్బుల పిల్లల కోసం కొట్లాడిండు. ఆయన రాజకీయాలతోటి నాకు పేచీలున్నయి, వేరే పోస్టుల రాస్త. కానీ పింఛన్ల పెంపు వెనుక ఆ వీల్‌చైర్ల ఊరేగింపులు ఉన్నయని మర్చిపోవద్దు.

చట్టం లేదా అంటే ఉన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాండ్లు, వాహనాలు అందరూ ఎక్కేటట్టు ఉండాలని చెప్తది. అమెరికాల డెన్వర్ నగరంల 1978 జులైల 19 మంది వికలాంగులు వీల్‌చైర్లతోటి బస్సులకు అడ్డం కూసున్నంకనే అక్కడ లిఫ్టుల సంగతి కదిలింది. అంతకుముందు మాంట్‌గోమరీల నల్లజాతి జనం 1955 డిసెంబర్ నుంచి ఏడాదికి పైగా బస్సులెక్కలే. ఊరికే నడిచిండ్రని మనం చెప్పుకుంటం గానీ, వాళ్లు వందల కార్లు జమచేసి, ఎక్కే చోట్లు, దిగే చోట్లు ఏర్పాటు చేసుకొని ఒక రవాణా శాఖనే నడిపిండ్రు. రోజా పార్క్స్ ఫొటో మన హాస్టల్ గోడల మీద ఉన్నది, ఆ కార్ల లెక్క మాత్రం ఎవరూ పెట్టలే.

మండల ఆఫీసుల దరఖాస్తు ఇచ్చినం, నకలు మీద ముద్ర వేయించుకున్నం. జవాబు వచ్చేదాక ఆగలేం. ఈసారి క్యాంపుకు మా వాడ నుంచి ఆరుగురు పోవాలె, ఇద్దరు చూపులేనోళ్లు. రెండు ఆటోలు మాట్లాడినం, డాక్టర్ వస్తున్నడా అని పొద్దుగాల ఫోన్ చేసుడు మా డిగ్రీ పిల్లల డ్యూటీ. చిన్నబాపుకు ఈసారి పని లేదు. అయినా, "తొవ్వ నాకు ఎరుక, నేనూ వస్త" అని డ్రైవర్ పక్క సీటు ఇప్పుడే అడిగి పెట్టుకున్నడు.